కాఫీ పొడి ఎంత మెత్తగా, నీళ్లు ఎన్ని: ఏ పద్ధతికి ఏ లెక్క

మీరు చెప్పింది ఇదీ: ఒకే గింజలు, గ్రైండర్ మీద ఎప్పుడూ ఒకే సెట్టింగు (పంచదార పలుకంత), పొడి కొలిచేది టేబుల్‌స్పూనుతో. 600 మి.లీ. ఫ్రెంచ్ ప్రెస్‌లో (పొడి నానబెట్టి జల్లెడ ప్లంజర్‌తో వడకట్టే పాత్ర) నాలుగు స్పూన్లు వేస్తే నీళ్లలా ఉంటోంది. వీ60లో (కాగితం పరిచి పై నుంచి నీళ్లు పోసే గరాటు లాంటి డ్రిప్పర్) నిమిషంన్నరకే దిగిపోయి పుల్లగా వస్తోంది. మోకా పాట్‌లో (పొయ్యి మీద పెడితే ఆవిరి ఒత్తిడికి కింది గిన్నెలో నీళ్లు పొడి బుట్టలోంచి పైకెక్కే పాత్ర) మాత్రం చేదు. దేనికి ఎంత మెత్తగా పట్టాలి, ఎంత పొడికి ఎన్ని నీళ్లు పోయాలి అన్నది ప్రశ్న.

మూడింటికీ కారణాలు వేరు. ఫ్రెంచ్ ప్రెస్‌లో తప్పింది నిష్పత్తి. వీ60లో తప్పింది గ్రైండ్, అంటే పొడి ఎంత మెత్తగా ఉందన్నది. మోకా పాట్‌లో ఆ రెండూ కాదు, మంట. అన్నింటికీ కలిపి ఒకే సెట్టింగు వెతుకుతూ పోతే ఒకటి బాగుపడినప్పుడు ఇంకోటి చెడుతుంది.

కాఫీలో రెండు విషయాలు కలిసిపోయి కనిపిస్తాయి. ఒకటి చిక్కదనం, అంటే కప్పులో ఉన్న ద్రవంలో కాఫీ పదార్థం ఎంత శాతం ఉందన్నది. రెండోది ఎక్స్‌ట్రాక్షన్, అంటే మీరు వేసిన పొడిలోంచి ఎంత శాతం నీళ్లలోకి దిగిందన్నది. వేయించిన గింజ బరువులో నీళ్లలో కరిగేది దాదాపు 30 శాతమే, మిగతాది పీచు. తక్కువ దిగితే కాఫీ పుల్లగా ఉంటుంది, ఆ కరిగేదంతా దింపేస్తే చేదెక్కుతుంది. 18 నుంచి 22 శాతం మధ్య దిగితే చాలామందికి నచ్చుతుందని 1950లలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రవేత్త గీసిన చార్టు చెప్పింది. ఈ రోజుకీ లెక్క అక్కడి నుంచే మొదలుపెడతారు.

రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. వీ60లో 15 గ్రాముల పొడికి 250 గ్రాముల నీళ్లు పోశామనుకోండి. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు పట్టేసుకుంటుంది, కప్పులోకి 220 గ్రాములు వస్తాయి. దాని చిక్కదనం 1.4 శాతమైతే అందులో కాఫీ పదార్థం 3.1 గ్రాములు, అంటే పొడిలో 20 శాతం పైచిలుకు దిగినట్టు. ఎస్ప్రెసోలో (మిషన్ ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ) 18 గ్రాములు వేసి 36 గ్రాములు తీస్తే, చిక్కదనం 10 శాతమైతే, పదార్థం 3.6 గ్రాములు. అదీ సరిగ్గా 20 శాతమే. చిక్కదనంలో ఏడింతల తేడా ఉంది, ఎక్స్‌ట్రాక్షన్ మాత్రం సమానం. చిక్కదనాన్ని ప్రధానంగా నిర్ణయించేది నిష్పత్తి. పులుపు, చేదుల సంగతి ప్రధానంగా చూసేది గ్రైండ్. అందుకే నిష్పత్తిని ఒక అంకె దగ్గర కట్టేసి, ఆ తర్వాత గ్రైండ్‌ను మాత్రమే కదపండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ముందు స్పూను పక్కన పెట్టండి. ఒక టేబుల్‌స్పూను పొడి 5 గ్రాములూ ఉండొచ్చు, 7 గ్రాములూ ఉండొచ్చు. ముదురు రోస్టు గింజ ఉబ్బి తేలికవుతుంది, లేత రోస్టు గింజ గట్టిగా బరువుగా ఉంటుంది, పొడి బరకగా ఉంటే స్పూనులో ఖాళీలెక్కువ. మీ నాలుగు స్పూన్లు 20 నుంచి 28 గ్రాములు. వాటికి 600 మి.లీ. నీళ్లంటే నిష్పత్తి 1:21 నుంచి 1:30. అది పల్చగా ఉండక ఏమవుతుంది! ఒక గ్రాము వరకు చూపే మామూలు డిజిటల్ కాటా సరిపోతుంది. ఎస్ప్రెసోకైతే 0.1 గ్రాము చూపేది కావాలి. నీళ్లూ కాటా మీదే తూచండి, 1 మి.లీ. నీళ్లు 1 గ్రాము అనుకోవచ్చు.

ఇక గ్రైండ్. రేణువు వ్యాసం సగమైతే అదే బరువు పొడికి ఉపరితలం రెట్టింపవుతుంది, నీళ్లు రేణువు మధ్యదాకా వెళ్లాల్సిన దూరమూ తగ్గుతుంది. కాబట్టి నీళ్లు పొడితో తక్కువసేపు ఉండే పద్ధతికి మెత్తటి పొడి, ఎక్కువసేపు ఉండే పద్ధతికి బరక పొడి. నానబెట్టే పద్ధతుల్లో గ్రైండ్ చేసే పని ఇంతే. నీళ్లు పొడి మీదుగా దిగే పద్ధతుల్లో మాత్రం అది ఇంకో పని కూడా చేస్తుంది: నీళ్లు ఎంత వేగంగా దిగాలో కూడా పొడే నిర్ణయిస్తుంది. అందుకే వీ60లో చిన్న మార్పుకే రుచి ఇటు నుంచి అటు దూకుతుంది, ఫ్రెంచ్ ప్రెస్‌లో అంత మార్పు కనిపించదు.

ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన ‘18 క్లిక్కులు’ (గ్రైండర్ సెట్టింగులో మెట్లు) మీ గ్రైండర్‌కు పనికిరావు. ఒకే మోడల్‌లో రెండు మిషన్లకే సున్నా స్థానం ఒకచోట ఉండదు. బర్‌లు (గింజల్ని నలిపే పళ్ల చక్రాలు) ఒకదానికొకటి తగిలేదాకా గింజలు లేకుండా బిగించి, అది సున్నాగా పెట్టుకుని అక్కడి నుంచి లెక్కించండి. చూపుకి, వేలికి తెలిసే గుర్తులతో చెబుతాను.

ఫ్రెంచ్ ప్రెస్‌కు 1:15తో మొదలుపెట్టండి: 30 గ్రాములకు 450 గ్రాములు, మీ పాత్ర నిండుగా కావాలంటే 40 గ్రాములకు 600. వీ60 కంటే పొడి కాస్త ఎక్కువెందుకంటే, నానబెట్టే పద్ధతిలో చివర పొడిలో మిగిలిపోయే నీళ్లు కప్పులో ఉన్నంత చిక్కనివే. ఆ సారం పిప్పితో పాటే పోతుంది. పై నుంచి దిగే పద్ధతిలో చివరి నీళ్లు పల్చనివి కాబట్టి నష్టం తక్కువ. గ్రైండ్ విషయంలో నా అభిప్రాయం చాలా పుస్తకాల్లో ఉన్నదానికి భిన్నం. ‘బాగా బరకగా’ అనే సలహా మడ్డి భయంతో వచ్చింది, రుచి కోసం కాదు. నాలుగు నిమిషాల్లో బరక పలుకుల లోపలిదాకా నీళ్లు వెళ్లవు. మీ పంచదార పలుకంత సెట్టింగే ఇక్కడ సరిపోతుంది. మరిగి అర నిమిషం ఆగిన నీళ్లు పోయండి. 4 నిమిషాలకు పైన కట్టిన పొర కలిపి, నురగ తీసేసి, ఇంకో 5 నిమిషాలు కదపకుండా వదిలేయండి. పొడి అడుక్కి చేరుతుంది. ప్లంజర్‌ను ద్రవం పైభాగం వరకే దించి మెల్లగా వంచండి. అడుగుదాకా నొక్కితే తేరుకున్న మడ్డి మళ్లీ లేస్తుంది. ఇంతసేపు ఉంచితే చేదెక్కుతుందేమో అనుకోవద్దు. నీళ్లు చల్లారుతూ, చిక్కబడుతూ ఉంటే దిగడం దానంతటదే నెమ్మదిస్తుంది.

వీ60లో 1:16 నుంచి 1:17. 15 గ్రాములకు 250 గ్రాముల నీళ్లతో మొదలుపెట్టండి. పొడి పంచదార కంటే సన్నగా, టేబుల్ ఉప్పు కంటే కొంచెం బరకగా ఉండాలి. ఫిల్టర్ పేపర్‌ను ముందు వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోయండి, కాగితం వాసన పోతుంది, డ్రిప్పర్ వేడెక్కుతుంది. మొదట 40 నుంచి 45 గ్రాములు పోసి పొడంతా తడిసేలా ఒకసారి తిప్పి 40 సెకన్లు ఆగండి. రోస్టింగ్‌లో గింజలో చేరిన కార్బన్ డయాక్సైడ్ బయటికి రావాలి, అది ఉన్నచోటికి నీళ్లు వెళ్లవు. తర్వాత రెండు మూడు విడతలుగా మిగతావి పోయండి. మొదటి చుక్క నుంచి మొత్తం దిగేసరికి 2:30 నుంచి 3:15 మధ్య (నిమిషాలు:సెకన్లు) పట్టాలి. మీకు నిమిషంన్నరకే దిగుతోందంటే పొడి బరక. రెండు క్లిక్కులు మెత్తగా చేసి చూడండి, ఇంకా పుల్లగా ఉంటే మరో రెండు. టైమును గమ్యంగా పెట్టుకోకండి, అది గుర్తు మాత్రమే. రుచి బాగుంటే 3:40 పట్టినా వదిలేయండి.

ఒక్కోసారి తిరకాసు ఎదురవుతుంది. మెత్తగా చేసేకొద్దీ నీళ్లు ఆగిపోతాయి, అయినా పులుపు పోదు, పైగా వగరు చేరుతుంది. దీనికి కారణం సాధారణంగా నుసి. ప్రతి గ్రైండర్ మీరడిగిన సైజు పలుకులతో పాటు 100 మైక్రాన్లకు (0.1 మి.మీ.) లోపుండే నుసినీ పుట్టిస్తుంది. అది నీళ్లతో కిందికి జారి కాగితం రంధ్రాల్ని మూసేస్తుంది. అప్పుడు నీళ్లు పొడిలో సమంగా దిగకుండా ఏదో ఒక పక్క దారి చేసుకుంటాయి. ఆ దారిలో ఉన్న పొడి అతిగా పిండబడుతుంది, పక్కనున్నది పచ్చిగానే మిగులుతుంది. కప్పులో పులుపూ చేదూ రెండూ ఒకేసారి ఉంటే అనుమానించాల్సింది దీన్నే. మందు: తిరిగి రెండు క్లిక్కులు బరక చెయ్యండి, నీళ్లు ఎత్తు నుంచి కాక పొడికి దగ్గరగా, తక్కువ విడతల్లో పోయండి, గరిటెతో కలపడం మానండి. కెఫీన్ తీసేసిన గింజలు పెళుసుగా ఉండి నుసి ఎక్కువ రాలుస్తాయి. వాటికి మొదటి నుంచే బరక సెట్టింగు పెట్టుకోవచ్చు.

బ్లేడు గ్రైండర్ వాడుతుంటే ఈ గొడవ ఇంకా ముదురుతుంది. అది గింజను నలపదు, అందినచోట నరుకుతుంది. ఒకే గిన్నెలో పిండీ ఉంటుంది, సగం గింజలూ ఉంటాయి. ఎక్కువసేపు తిప్పితే పిండి ఎక్కువవుతుంది, పలుకులు సమం కావు. కొన్ని సెకన్ల చొప్పున ఆపి ఆపి, గిన్నె ఊపుతూ తిప్పి, జల్లెడ పట్టి నుసి తీసేస్తే ఫ్రెంచ్ ప్రెస్‌కు పర్వాలేదు. వీ60కి, ఎస్ప్రెసోకి మాత్రం బర్ గ్రైండర్ తప్పదు. కాఫీ మీద పెట్టే డబ్బులో ముందు వరస దానిదే. ఖరీదైన డ్రిప్పర్, మామూలు గ్రైండర్ కన్నా ప్లాస్టిక్ డ్రిప్పర్, మంచి గ్రైండర్ ఎప్పుడూ మెరుగు.

కెమెక్స్ (గాజు డ్రిప్పర్) కాగితం మందం, అదే నీళ్లను ఆపుతుంది కాబట్టి వీ60 కంటే కొంచెం బరకగా పట్టాలి. 30 గ్రాములకు 500, దిగడానికి 4 నుంచి 5 నిమిషాలు. ఎలక్ట్రిక్ డ్రిప్ మిషన్‌కు లీటరుకు 55 నుంచి 60 గ్రాములు, పంచదార పలుకంత.

మోకా పాట్‌లో నిష్పత్తి మీ చేతిలో లేదు. బుట్ట ఎంత పడితే అంత పొడి, కింది గిన్నెలో వాల్వు కింది దాకా నీళ్లు. మూడు కప్పుల పాట్‌లో సుమారు 15 నుంచి 17 గ్రాములు, 150 మి.లీ. అటూఇటూ, అంటే 1:9 లేదా 1:10. బుట్ట సగం నింపి పల్చగా చేద్దామంటే నీళ్లు పొడిని పక్కకు నెట్టి దాటిపోతాయి. కాబట్టి నిండుగా నింపండి, పైన వేలితో చదును చెయ్యండి, కానీ నొక్కకండి. ఇందులో ఒత్తిడి 1 నుంచి 2 బార్లే (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడంత). ఎస్ప్రెసో మిషన్‌లోలా 9 బార్లు ఉండదు. ఎస్ప్రెసో పొడి వేసి నొక్కితే నీళ్లు పైకి పోలేక ఆవిరి వేడెక్కి మాడ్చేస్తుంది. పొడి టేబుల్ ఉప్పంత ఉంటే సరి.

మీ పొడి దానికంటే బరకగా ఉన్నా చేదొచ్చిందంటే తప్పు గ్రైండ్‌ది కాదు. చల్లటి నీళ్లతో పెద్ద మంట మీద పెట్టి, బుడబుడమని శబ్దం వచ్చేదాకా వదిలేస్తే అడుగున నీళ్లయిపోయాక మిగిలిన ఆవిరి పొడిలోంచి దూసుకొస్తుంది. ఆ చివరి భాగమే చేదు. కింది గిన్నెలో మరిగిన నీళ్లు పోసి (గుడ్డతో పట్టుకుని బిగించండి), సన్న మంట మీద మూత తీసి పెట్టండి. కాఫీ తేనె రంగుకు పాలిపోయి చిటపటలాడబోతుండగా దించి, కింది గిన్నెను కుళాయి కింద చల్లార్చండి.

ఎస్ప్రెసో మీరడగలేదు, కానీ గ్రైండ్ ఎంత సున్నితమో అక్కడ తెలుస్తుంది. 18 గ్రాములు లోపల, 36 గ్రాములు బయట, 25 నుంచి 30 సెకన్లు. పొడి సన్న ఉప్పు కంటే మెత్తగా, మైదా కంటే బరకగా, వేళ్ల మధ్య నొక్కితే కొంచెం ముద్దకట్టేలా ఉండాలి. 36 గ్రాములు 15 సెకన్లకే వచ్చేస్తే మెత్తగా చెయ్యండి, 45 పట్టితే బరకగా. ట్యాంపర్‌ను (పొడిని అదిమే సాధనం) ఎంత గట్టిగా నొక్కారన్నదానికన్నా పొడి సమంగా పరచుకుందా, చదునుగా నొక్కారా అన్నదే ముఖ్యం. నొక్కుడుతో టైము సరిచేయాలని చూడకండి. సెట్టింగు మార్చిన ప్రతిసారీ బర్‌ల మధ్య ఇరుక్కున్న పాత పొడి బయటికొచ్చేలా రెండు మూడు గ్రాములు పట్టి పారేయండి, లేకపోతే కొత్త సెట్టింగు రుచి చూస్తున్నానని భ్రమపడతారు. గింజలు పాతబడేకొద్దీ గ్యాస్ తగ్గి షాట్ (ఒకసారి తీసే ఎస్ప్రెసో) వేగంగా దిగుతుంది, అదే గింజలకు వారం తర్వాత ఇంకాస్త మెత్తగా పట్టాల్సి వస్తుంది. రోస్టు చేసిన మర్నాడే ఎస్ప్రెసోకి వాడితే గ్యాస్ వల్ల షాట్ నిలకడగా రాదు, ఓ వారం ఆగడం మంచిది.

ఏరోప్రెస్ (గొట్టంలో నానబెట్టి చేత్తో నొక్కి దించేది) అన్నింటికన్నా క్షమించే పరికరం. 15 గ్రాములకు 220 గ్రాములు, టేబుల్ ఉప్పంత పొడి, 2 నిమిషాలు నానబెట్టి అర నిమిషంలో మెల్లగా నొక్కాలి. నొక్కడం మరీ కష్టంగా ఉంటే పొడి మెత్తన, గాలిలా దిగిపోతే బరక. బయట కొన్న పొడి మాత్రమే ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే, ఎందుకంటే గ్రైండ్ మార్చలేకపోయినా టైము మార్చి నెట్టుకురావచ్చు. ఇబ్రిక్‌కు (టర్కిష్ కాఫీ కాచే చిన్న గిన్నె) 1:10, మైదా అంత మెత్తన, నురగ లేవగానే దించాలి, మరగనివ్వకూడదు.

రెండు గిన్నెల స్టీలు డికాషన్ ఫిల్టర్‌లో కాగితం లేదు, ఒత్తిడి లేదు, కేవలం బరువుకే నీళ్లు దిగాలి. 1:5 దగ్గర, అంటే 20 గ్రాములకు 100 మి.లీ., వీ60 కంటే కాస్త సన్నటి పొడి. ఐదు నిమిషాలకే ఖాళీ అయితే బరక. గంటైనా చుక్క దిగకపోతే అతి మెత్తన, లేదా పైనుంచి మరీ గట్టిగా అదిమారు. చికోరీ కలిసిన పొడి నీళ్లు పట్టి ఉబ్బుతుంది, దిగడం నెమ్మదిస్తుంది. దానికి ఇంకొంచెం బరకగా ఉన్నా ఫర్వాలేదు. డికాషన్ పాలల్లో కలుపుతారు కాబట్టే అంత చిక్కగా తీస్తారు. ఏ పద్ధతిలోనైనా పాలు కలిపేట్టయితే నిష్పత్తిలోనే చిక్కబరచండి. చిక్కదనం కోసం మెత్తగా పట్టి ఎక్కువ పిండితే వచ్చేది చేదు, దాన్ని పాలు కొంతవరకే కప్పిపెడతాయి.

కోల్డ్ బ్రూకు 1:8, ఫ్రెంచ్ ప్రెస్ కంటే బరకగా. బయట 12 నుంచి 16 గంటలు, ఫ్రిజ్‌లో అయితే 18 నుంచి 24. నీళ్లు కలుపుకుని తాగే కాన్సంట్రేట్ కావాలంటే 1:5. మెత్తటి పొడి వాడితే సారం దిగుతుంది, కానీ వడకట్టడం నరకం. ఐస్ మీదకు వేడిగా దించే పద్ధతి వేరు: మొత్తం నీళ్లలో దాదాపు 40 శాతం ఐసుగా కింద పెట్టాలి. 20 గ్రాముల పొడికి 200 గ్రాముల వేడినీళ్లు, 120 గ్రాముల ఐసు. నీళ్లు తక్కువ కాబట్టి రెండు మూడు క్లిక్కులు మెత్తగా.

వేడి గురించి: లేత రోస్టుకు మరుగుతున్న నీళ్లే పోయండి, గింజ గట్టిది కాబట్టి సారం సులువుగా వదలదు, గ్రైండ్ కూడా ఒకింత మెత్తగా ఉండాలి. మధ్యస్థానికి 93 డిగ్రీల దగ్గర. ముదురు రోస్టుకు 85 నుంచి 90, కొంచెం బరక పొడి. గింజ లోపల ఇప్పటికే పొరలు పొరలుగా విచ్చుకుని ఉంటుంది, అన్నీ ఇట్టే దిగిపోతాయి. గ్రైండ్, నిష్పత్తి, వేడి మూడూ సరిగ్గా ఉన్నా కప్పు చప్పగా ఉంటే నీళ్లు చూడండి. ఆర్‌ఓ నీళ్లలో ఖనిజాలు బాగా తక్కువ, కాఫీ బోలుగా ఉంటుంది. ఖనిజాలు మరీ ఎక్కువున్న గడుసు నీళ్లలో పులుపంతా చచ్చిపోయి సుద్దలా ఉంటుంది. రెండూ అందుబాటులో ఉంటే సగం సగం కలిపి ఒకసారి చేసి చూడండి.

ఒకటి మాత్రం చాలామంది మర్చిపోతారు. వీ60లో ఒక కప్పుకు కుదిరిన సెట్టింగు రెండు కప్పులకు పనిచేయదు. 15 గ్రాముల బదులు 30 వేస్తే పొడి మట్టం లోతవుతుంది, నీళ్లు దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. నిష్పత్తి అలాగే ఉంచి, మూడు నాలుగు క్లిక్కులు బరకగా పట్టి, 3:30 నుంచి 4 నిమిషాల్లో దిగేలా చూసుకోండి. ఫ్రెంచ్ ప్రెస్‌కు ఈ బెడద లేదు, 20 గ్రాములైనా 60 గ్రాములైనా అదే సెట్టింగు.